లాకీ పొగ: గడ్డిలోంచి వచ్చిన కరువు

నిప్పుల నేల – చరిత్ర ధారావాహిక, 6వ భాగం

1783 జూన్ 8, పెంతెకొస్తు ఆదివారం. ఐస్‌లాండ్ దక్షిణాన సీదా అనే ప్రాంతంలో ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. తొమ్మిది గంటల వేళ ఉత్తరాన కొండల వెనక నుంచి నల్లటి మబ్బు లేచింది. చూస్తుండగానే ఊళ్ల మీదికి కమ్ముకొచ్చింది. ఇళ్లలో చీకటి పడింది. నేలంతా బొగ్గు బూడిద లాంటి పొడి రాలింది. ఆ వెంటనే పడిన చినుకులు కళ్లలో పడితే మండాయి, ఒంటి మీద పడితే చురుక్కుమన్నాయి. కొత్తగా ఉన్ని కత్తిరించిన గొర్రెల వీపుల మీద ఆ వాన మచ్చలు తేల్చింది. పొలాల్లో ఆకులకు చిల్లులు పడ్డాయి.

ఈ వివరాలు మనకు దక్కాయంటే ఒక పల్లెటూరి పాస్టరు ఓపికగా రాసిపెట్టడమే కారణం. ఆయన పేరు యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్. అప్పటికి వయసు 54 ఏళ్లు. ఆ ప్రాంతంలోని క్లౌస్టుర్ చర్చి బాధ్యత తీసుకుని ఐదేళ్లయింది. వైద్యులు దొరకని ఆ మారుమూలలో సొంతంగా వైద్యం నేర్చుకుని పదిమందికీ మందులిచ్చేవాడు. సేద్యం, గొర్రెలు ఆయనకూ ఉన్నాయి. అందుకే ఆయన రాతలో భక్తుడి భయంతో పాటు వైద్యుడి చూపు, రైతు చూపు కూడా కనిపిస్తాయి. గాలి ఏ వాసన వేసింది, వాన ఎలా పడింది, ఏ మొక్క ముందు మాడింది, గుర్రం ఎలా చచ్చింది, గొర్రె ఎలా చచ్చింది, అన్నీ విడివిడిగా నమోదు చేశాడు. 1788లో వాటన్నిటినీ ఒక పూర్తి వృత్తాంతంగా కూర్చాడు. అగ్నిపర్వత వాయువుల చరిత్రలో అంత నమ్మదగిన సాక్ష్యం అంతకు ముందు లేదు.

అగ్నిపర్వతం అనగానే అందరి కళ్లకూ లావా కడుతుంది. లాకీ దగ్గర లావా పొలాలనూ ఇళ్లనూ చర్చిలనూ మింగిన మాట నిజమే. కానీ లావా మెల్లగా వస్తుంది. పశువులను తోలుకుని, సామాన్లు మోసుకుని మనిషి దాని దారి నుంచి తప్పుకోగలడు. తప్పుకోలేనిది దాని వెంట వచ్చిన వాయువు. ఐస్‌లాండ్ జనాభా అప్పటికి 50 వేలు. రెండు మూడేళ్లలో అందులో ఐదో వంతుకు పైగా పోయారు. వాళ్లలో అత్యధికులను చంపింది ఆకలి, ఆ ఆకలిని తెచ్చింది విషం పట్టిన గడ్డి. ఆ గడ్డి మీద విషం వాలడానికి కారణం నేల చీలికల్లోంచి ఎనిమిది నెలల పాటు వెలువడిన వాయువులు.

కొండ కాదు, చీలిక

కిందటి భాగంలో వెసూవియస్‌ను చూశాం. ఒక శిఖరం, దాని నెత్తిన ఒక బిలం, అందులోంచి విస్ఫోటనం. లాకీ తీరు వేరు. లాకీ అన్నది నిజానికి 800 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఒక పాత కొండ పేరు. అది పేలలేదు. దానికి ఇరుపక్కలా నేల చీలింది. వాత్నయోకుల్ హిమానీనదానికి నైరుతి దిక్కున, ఒకే వరసలో 27 కిలోమీటర్ల పొడవునా పగుళ్లు పడ్డాయి. వాటి మీద దాదాపు 140 బిలాలు లేచాయి.

ఐస్‌లాండ్ ఉన్న చోటే అలాంటిది. ఉత్తర అమెరికా ఫలకం, యురేసియా ఫలకం ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున ఒకదానికొకటి దూరం జరుగుతుంటే ఆ రెండింటి నడిమి సరిహద్దు మీద ఈ దీవి నిలబడి ఉంది. సాగిన నేల ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ఆ సందులోకి కింది నుంచి శిలాద్రవం ఎగదన్నుతుంది.

1783లో ఆ తెగడం ఒక్క రోజుతో ముగియలేదు. పది విడతలుగా పది చీలికలు తెరుచుకున్నాయి. ప్రతి విడతకూ ముందు భూమి కంపించేది. ఆ తర్వాత కొత్త పగులు తెరుచుకుని నిప్పు చిమ్మేది. లావా ధారలు కొన్ని సార్లు 800 మీటర్ల నుంచి 1,400 మీటర్ల ఎత్తుకు లేచాయని శాస్త్రజ్ఞుల అంచనా. జులై ఆఖరు దాకా కొండకు నైరుతి పక్కన, ఆ తర్వాత ఈశాన్యం పక్కన నేల తెరుచుకుంది. 1784 ఫిబ్రవరి 7న గానీ అది చల్లారలేదు. బయటికొచ్చిన లావా దాదాపు 15 ఘన కిలోమీటర్లు. మన ప్రాజెక్టుల లెక్కలో చెప్పాలంటే 500 టీఎంసీల పైమాట. శ్రీశైలం జలాశయాన్ని కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యమే 308 టీఎంసీలు. అంత లావా సుమారు 600 చదరపు కిలోమీటర్ల నేలను కప్పేసింది.

ఊళ్లలోని వాళ్లకు ఆ బిలాలు కనపడవు, కొండల అవతల ఉన్నాయి. వాళ్లకు ముందు తెలిసింది స్కాఫ్టా నది ఎండిపోవడం. ఎప్పుడూ ఉరకలు వేసే నది రెండు మూడు రోజుల్లో పాయలై, సన్నగిల్లి, ఆగిపోయింది. జూన్ 12న ఆ నది లోయలోంచి నీటికి బదులు లావా వచ్చింది.

జులై 20 ఆదివారం నాటికి ఆ ప్రవాహం క్లౌస్టుర్ చర్చి వైపు దారి తీసింది. ఇదే ఆఖరి ఆరాధన అనుకుంటూ జనం చర్చిలో గుమిగూడారు. బయట ఉరుములు, మెరుపులు, నేల అదురు. పాస్టరు ప్రసంగం కుదించలేదు. ఆరాధన ముగిశాక అందరూ వెళ్లి చూస్తే లావా నిన్నటి చోటు దాటి అడుగు ముందుకు రాలేదు. ఉన్న చోటనే పొర మీద పొరగా పేరుకుపోయింది. కారణం కూడా యోన్ అక్కడే గమనించి రాశాడు: లావా అడ్డుపడి నిలిచిపోయిన వాగుల నీళ్లు కట్ట తెంచుకుని దాని మీద విరుచుకుపడి నిప్పును చల్లార్చాయి. జనం మాత్రం ఆ ఘనతను ప్రార్థనకూ పాస్టరుకూ ఇచ్చారు. నిప్పును నిలిపిన పాస్టరుగా ఆయన పేరు ఐస్‌లాండ్‌లో నేటికీ నిలిచి ఉంది. క్లౌస్టుర్‌లో ఆయన స్మారకంగా 1974లో చిన్న చర్చి కట్టారు.

చర్చి నిలిచింది. కానీ ఆ వేసవిలో ఊళ్లకు ముంచుకొచ్చిన అసలు ఆపద లావా ఆగినా ఆగేది కాదు.

శిలాద్రవంలో ఇమిడిన గాలి

భూమి లోపల పది కిలోమీటర్ల లోతున ఒత్తిడి ఎంత ఉంటుందంటే, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకం, క్లోరిన్, ఫ్లోరిన్ అన్నీ శిలాద్రవంలో కరిగి ఇమిడిపోతాయి. శిలాద్రవం పైకి వచ్చే కొద్దీ ఆ ఒత్తిడి సడలుతుంది. గోలీసోడా గోలీ నొక్కగానే అప్పటిదాకా నీటిలో కనపడని వాయువు బుసబుసమని పొంగినట్టు, కరిగి ఉన్న వాయువులు బుడగలై విడిపోతాయి. ఆ బుడగల తోపుడే లావాను ధారగా ఎగజిమ్ముతుంది. అంటే బిలం దగ్గర మనం చూసే నిప్పుల ఫౌంటెన్‌కు ఇంజిన్ వాయువే.

అన్ని వాయువులూ ఒకేసారి విడివడవు. కార్బన్ డయాక్సైడ్ చాలా లోతులోనే బయటపడుతుంది. నీటి ఆవిరి, గంధకం ఉపరితలానికి దగ్గరయ్యాక వదులుతాయి. క్లోరిన్, ఫ్లోరిన్ చివరి దాకా ద్రవాన్ని పట్టుకుని ఉంటాయి; అందుకే బిలం నుంచే కాక, పారుతున్న లావా నుంచి కూడా విష వాయువులు వెలువడుతూనే ఉంటాయి. అందులోనూ లాకీది బసాల్ట్ జాతి శిలాద్రవం. గంధకాన్ని ఎక్కువగా ఇముడ్చుకోగలిగేది ఆ జాతే.

లాకీ ఎనిమిది నెలల్లో వదిలిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 12 కోట్ల టన్నులు. 20వ శతాబ్దంలో వాతావరణాన్ని కదిలించిన ఫిలిప్పీన్స్ పినటూబో విస్ఫోటనం 1991లో వదిలింది కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నులు. ఫ్లోరిన్ వాయువుల విషయంలో లాకీ అంచనాలు 80 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నుల దాకా ఉన్నాయి.

రెండు వందల ఏళ్ల కిందట గాలిలో కలిసిపోయిన వాయువును ఇప్పుడు ఎలా కొలిచారు? ఐస్‌లాండ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు థోర్వాల్దుర్ థోర్దార్సన్, బ్రిటిష్ అగ్నిపర్వత శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ సెల్ఫ్ 1990ల నుంచి ఈ పని మీద పడ్డారు. శిలాద్రవం ఇంకా లోతులో ఉండగానే అందులో కొన్ని స్ఫటికాలు గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు తమ లోపల ద్రవం చుక్కలను బంధించుకుంటాయి. ఆ చుక్కలోని వాయువులకు తప్పించుకునే దారి లేదు. కాబట్టి స్ఫటికంలో చిక్కిన చుక్కలో గంధకం ఎంత ఉందో కొలిచి, బయట చల్లారిన లావాలో ఎంత మిగిలిందో కొలిచి, రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తే గాలిలోకి పోయినది తేలుతుంది. దాన్ని మొత్తం లావా పరిమాణంతో హెచ్చవేస్తే టన్నుల లెక్క వస్తుంది. ఏ వారం ఏ చీలిక తెరుచుకుంది, ఏ వారం ఎంత లావా పారింది అన్నది మాత్రం స్ఫటికాలు చెప్పవు. అందుకు వాళ్లు యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ రాతనే ఆశ్రయించారు. పాస్టరు రాసిన తేదీలు, ఆయన చెప్పిన కంపాలు, బూడిద వానలు క్షేత్రంలో కనిపించిన పొరలతో సరిపోయాయి.

గడ్డి, పన్ను, ఎముక

జూన్‌లో ఐస్‌లాండ్ పచ్చగా ఉండాలి. రాత్రి అన్నది దాదాపు లేని ఆ కొద్ది వారాల్లో పెరిగే గడ్డే అక్కడి బతుకు. వేసవిలో పశువులు మేసేది అదే, కోసి ఆరబెట్టి చలికాలమంతా మేపేది అదే. ధాన్యం పండని దేశం. పాలు, మాంసం, ఉన్ని, చేప ఇవే తిండీ ఆస్తీ. ఆ గడ్డి మీద సన్నటి బూడిద వాలింది. ఆ బూడిద రేణువులకు ఫ్లోరిన్ అంటుకుని ఉంది. ఆమ్ల వాన వల్ల ఆకుల కొనలు మాడాయి, గడ్డి వాడిపోయింది.

పశువులు ఆ గడ్డే మేశాయి, వాటికి వేరే మేత లేదు. కొద్ది వారాల్లో యోన్ చూసినవి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. గుర్రాలకు ఒంటి మాంసం కరిగిపోయింది. వెన్ను వెంబడి చర్మం కుళ్లింది. జూలూ తోకా వెంట్రుకలు రాలిపోయాయి. కీళ్ల దగ్గర గట్టి బుడిపెలు లేచాయి. తలలు వాచాయి. దవడల్లో పట్టు పోయి, ముందు గడ్డి ఉన్నా కొరకలేకపోయాయి. గొర్రెల పక్కటెముకల మీదా కాళ్ల మీదా ఎముక కణుపులు పుట్టుకొచ్చాయి.

ఈ లక్షణాలు తెలుగు పాఠకులకు కొత్త కావు. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి మనుషుల్లో వంగిన వెన్నులు, బిగిసిన కీళ్లు, పాడైన పళ్లు చూసి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 1937లో అది ఫ్లోరోసిస్ అని గుర్తించారు. మన దేశంలో ఈ జబ్బు ఎముకలకు చేసే హానిని తేల్చిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. తర్వాత నల్లగొండ జిల్లా పల్లెలు తరాల తరబడి దాని బారిన పడ్డాయి. మూలం మాత్రం వేరు. నల్లగొండలో గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి, తాగే నీటి వెంట ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరింది. ఐస్‌లాండ్‌లో బిలాల్లోంచి వచ్చిన ఫ్లోరిన్ గడ్డి వెంట కొద్ది వారాల్లోనే పశువుల పొట్టలోకి పోయింది. ఒంట్లో చేరాక అది చేసే పని ఒక్కటే. కాల్షియంను పట్టేసి, ఎముకను వికృతంగా పెంచి, పన్ను పటుత్వాన్ని తీసేస్తుంది.

దీవిలోని గొర్రెల్లో దాదాపు 80 శాతం, పశువుల్లో సగం, గుర్రాల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. మందలు పోయాక మనుషుల వంతు వచ్చింది. చలికాలానికి తిండి లేదు. మాంసం లేక తోళ్లు ఉడకబెట్టుకుని తిన్నవాళ్లున్నారు. నోట్లో చిగుళ్లు ఉబ్బి, ఒళ్లు వాచి, విరేచనాలతో జనం రాలిపోయారు. అది చాలనట్టు 1784 ఆగస్టులో దక్షిణ ఐస్‌లాండ్‌ను పెద్ద భూకంపాలు కుదిపాయి. స్కాల్‌హోల్ట్‌లోని బిషప్ పీఠం దెబ్బతిని, చివరికి రేక్యావిక్‌కు తరలిపోయింది. ఆ కాలాన్ని ఐస్‌లాండ్ ప్రజలు పొగమంచు తెచ్చిన కష్టకాలంగా గుర్తుపెట్టుకున్నారు.

సాయం ఎందుకు ఆలస్యమైంది? ఐస్‌లాండ్ అప్పుడు డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉంది. 1602 నుంచి వ్యాపారం మొత్తం డెన్మార్క్ గుత్తాధిపత్యం కింద నడిచేది. వార్త కోపెన్‌హాగెన్ చేరేసరికి సెప్టెంబర్ వచ్చింది. శరదృతువులో పంపిన ఓడ తుపాను సముద్రాన్ని దాటలేక నార్వేలో చలికాలం గడిపి, మరుసటి వసంతంలో గానీ ఐస్‌లాండ్ తీరం తాకలేదు. ఆ ఓడలో వచ్చిన మాగ్నుస్ స్టెఫెన్సన్ అనే యువకుడు అక్కడ చూసినదాన్ని 1785లో పుస్తకంగా అచ్చు వేయించాడు.

యోన్ కూడా సాయం డబ్బు కోసం గవర్నర్ దగ్గరికి వెళ్లాడు. సీలు వేసిన పెట్టెలో డబ్బిచ్చి జిల్లా అధికారికి అప్పగించమన్నారు. తిరుగు దారిలో ఎదురైన రైతులు ఒక ఆవునో, నాలుగు గొర్రెలనో కొనుక్కుంటే పిల్లలు బతుకుతారని వేడుకున్నారు. ఆయన సీలు తీసి కొంత డబ్బు అక్కడికక్కడే పంచాడు. దానికి ప్రభుత్వం ఆయనకు జరిమానా వేసింది, క్షమాపణ చెప్పించుకుంది. 1784లోనే ఆయన భార్య థోరున్ కన్నుమూసింది. తన జనాన్ని నిలబెట్టడానికి సీలు తీసిన మనిషి మీద నేరం మోపడం ఆ కాలపు పాలన ఎంత దూరాన కూర్చుని ఉందో చూపుతుంది. ఆ విపత్తు తర్వాత కొద్ది ఏళ్లకే డెన్మార్క్ తన వ్యాపార గుత్తాధిపత్యాన్ని సడలించక తప్పలేదు.

యూరప్ మీద ఎర్ర సూర్యుడు

బిలాల నుంచి లేచిన పొగ స్తంభాలు 9 నుంచి 13 కిలోమీటర్ల ఎత్తుకు చేరాయి. అక్కడి వేగమైన పడమటి గాలులు వాయువును అందుకుని తూర్పుకు తోశాయి. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోని తేమతో కలిసి గంధకామ్లపు సన్నటి తుంపరలుగా మారింది. అలా పుట్టిన ఆమ్లపు తెర దాదాపు 20 కోట్ల టన్నులని థోర్దార్సన్, సెల్ఫ్ లెక్క కట్టారు. జూన్ నెల ముగియక ముందే అది ప్రాగ్, బెర్లిన్, పారిస్, లండన్ నగరాల మీద పరుచుకుంది.

ఇంగ్లండ్‌లోని సెల్‌బోర్న్ గ్రామంలో గిల్బర్ట్ వైట్ అనే మత గురువు ప్రకృతిని గమనిస్తూ డైరీలు రాసేవాడు. జూన్ 23 నుంచి జులై 20 దాకా తన ఊరి మీద నిలిచిన పొగను గురించి ఆయన తన 1789 పుస్తకంలో వివరంగా చెప్పాడు. నడి మధ్యాహ్నం సూర్యుడు వెలవెలబోయాడనీ, ఉదయాస్తమయాల్లో నెత్తురు రంగు పులుముకున్నాడనీ, ఎండ మాత్రం భరించలేనంతగా ఉందనీ, కోసిన మాంసం మర్నాటికే పాడయ్యేదనీ, పల్లె జనం బెదిరిపోయారనీ రాశాడు. 17వ శతాబ్దం నుంచి నమోదవుతున్న మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల పట్టికలో ఆ జులై అత్యంత వేడి జులై నెలల్లో ఒకటి.

ఆ బెదురుకు వేరే ఆజ్యం కూడా ఉంది. అదే ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇటలీలోని కలాబ్రియాను భూకంపాలు నేలమట్టం చేశాయి. ఆగస్టు 18 రాత్రి బ్రిటన్ ఆకాశంలో పెద్ద ఉల్క మండుతూ పోయింది. యుగాంతం వచ్చిందని ప్రచారం పుట్టింది. పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు లలాండ్ జనాన్ని శాంతింపజేయడానికి పత్రికకు ఉత్తరం రాశాడు; తడి శీతాకాలం తర్వాత హఠాత్తుగా వచ్చిన ఎండ వల్లే ఈ పొగమంచు అని ఆయన వివరణ.

అసలు కారణం దగ్గరికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో మూర్గ్ ద మోంత్రెదోన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1783 ఆగస్టులోనే ఐస్‌లాండ్ వైపు వేలు చూపాడు. అమెరికా రాయబారిగా పారిస్ దగ్గరి పాసీలో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ భూతద్దంతో ఎండను ఒక చోటికి కూర్చి కాగితం మీద పట్టి చూశాడు. కాగితం అంటుకోవడమే కష్టమైంది. 1784 మేలో రాసిన వ్యాసంలో ఆయన ఈ పొగకు రెండు కారణాలు ఊహించాడు: అంతరిక్షం నుంచి వచ్చి కాలిపోయిన గోళం ఒకటి, ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల పొగ రెండోది. పొగ సూర్యకిరణాల వేడిని నేలకు అందనీయకపోవడం వల్లే తర్వాతి చలికాలం అంత కఠినంగా వచ్చి ఉంటుందనీ అన్నాడు. ఆ వ్యాసం అదే ఏడాది డిసెంబర్‌లో మాంచెస్టర్ సాహిత్య తాత్విక సంఘంలో చదివారు. అగ్నిపర్వతానికీ వాతావరణానికీ ముడి వేసిన తొలి శాస్త్ర రచనల్లో అది చేరింది.

ఆ చలికాలం నిజంగానే కఠినం. 1784 ఫిబ్రవరిలో అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ దగ్గర మిసిసిపీ నదిలో మంచు గడ్డలు తేలాయి. యూరప్‌లో మంచు కరిగే వేళ నదులు పొంగి ఊళ్లు ముంచాయి. ఈ చలికి లాకీ ఒక్కటే కారణమా, అట్లాంటిక్ గాలుల సహజ ఒడుదుడుకులదీ వాటా ఉందా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా నలుగుతున్న చర్చ. మరణాల విషయంలో మాత్రం ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు స్పష్టంగానే ఉన్నాయి. విథమ్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు 2004లో వాటిని లెక్కించి, 1783 ఆగస్టు-సెప్టెంబర్, 1784 జనవరి-ఫిబ్రవరి నెలల్లో మామూలు కంటే సుమారు 20 వేల మంది ఎక్కువగా చనిపోయారని తేల్చారు.

రుతుపవనాల దాకా

లాకీ పొగ ప్రభావం ఉష్ణమండలం దాకా వచ్చిందా? అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ల్యూక్ ఒమన్, అలన్ రోబాక్ బృందం 2006లో కంప్యూటర్ నమూనాతో దీన్ని పరీక్షించింది. రుతుపవనాలు నడవాలంటే వేసవిలో భూమి సముద్రం కంటే బాగా వేడెక్కాలి. ఉత్తరార్ధగోళం మీద ఆమ్లపు తెర పరుచుకుంటే ఆ వేడి తగ్గుతుంది. గాలులు బలహీనపడి ఆఫ్రికా, భారత్ వర్షాలు సన్నగిల్లుతాయి. నమూనాలో జరిగింది అదే. నైలు నది నమోదులు కూడా దానికి తోడయ్యాయి. 1783, 1784లలో నైలు వరద చాలక ఈజిప్టులో కరువు పడింది. అప్పుడు అక్కడ ఉన్న ఫ్రెంచ్ యాత్రికుడు వోల్నీ, 1785 ఆరంభం నాటికి ఆ దేశ జనాభాలో ఆరో వంతు చావులకూ వలసలకూ పోయిందని రాశాడు.

అదే కాలంలో ఉత్తర భారతాన్ని చాలీసా కరువు పట్టింది. విక్రమ సంవత్ 1840, అంటే 1783లో, ఢిల్లీ ప్రాంతం నుంచి అవధ్, పంజాబ్, రాజపుతానా దాకా వానలు లేక పల్లెలు ఖాళీ అయ్యాయి. దీని వెనక ఎల్‌నినో హస్తం కూడా ఉందని వాదించేవాళ్లున్నారు. లాకీ తెర ఆ దెబ్బను ఎంత పెంచిందో లెక్క తేలడానికి ఇంకా పని జరుగుతోంది. దక్షిణాదిన ఆ ఏళ్ల ఆకలికి మాత్రం కారణం దగ్గర్లోనే ఉంది: హైదర్ అలీకీ ఆంగ్లేయులకూ జరిగిన యుద్ధం కర్నాటిక్ మైదానాలను కాల్చేసింది.

మన కాళ్ల కింది లావా

లాకీ లాంటి చీలికలు తెలుగు నేలకు పరాయివి కావు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పశ్చిమ భారతాన్ని చీల్చుకుని వచ్చిన దక్కన్ లావాలు ఈ కోవకు చెందినవే, పరిమాణంలో లాకీ కంటే వేల రెట్లు పెద్దవి. ఆదిలాబాద్, నిర్మల్ ప్రాంతాల నల్ల బసాల్ట్, వికారాబాద్ అనంతగిరి కొండలు ఆ పొరల అంచులే. ఇంకా విచిత్రం రాజమహేంద్రవరం దగ్గరుంది. గోదావరికి ఇరువైపులా కాతేరు, పంగిడి ప్రాంతాల్లో కనిపించే బసాల్ట్ పొరల రసాయన గుణం పడమటి కనుమల లావాతో సరిపోయింది. ఆ లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రాచీన నదుల లోయల వెంట పారి తూర్పు తీరం చేరిందని 2008లో ఒక బృందం వాదించింది. ఆ బృందానికి నాయకుడు, లాకీ గంధకాన్ని లెక్కించిన స్టీఫెన్ సెల్ఫే. దక్కన్ స్ఫటికాల్లో చిక్కిన గంధకాన్ని కూడా ఆయన అదే పద్ధతిలో కొలిచాడు. రాక్షస బల్లుల అంతంలో దక్కన్ వాయువుల పాత్ర ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతికే దారిలో లాకీ ఒక కొలబద్ద అయింది.

మళ్లీ వస్తే

2014 ఆగస్టు ఆఖరున ఐస్‌లాండ్‌లోనే హోలుహ్రౌన్ దగ్గర నేల చీలింది. 2015 ఫిబ్రవరి 27 దాకా, ఆరు నెలల పాటు లావా పారింది. పరిమాణంలో అది లాకీకి పదో వంతు. వదిలిన సల్ఫర్ డయాక్సైడ్ కోటి టన్నుల చుట్టుపక్కల. ఈసారి ఉపగ్రహాలు పొగను వెంటాడాయి. అతినీలలోహిత కాంతిని కొలిచే పరికరాలు బిలాల చుట్టూ గంటగంటకూ గంధకాన్ని లెక్కించాయి. గాలి నాణ్యత చెడిన రోజుల్లో తలుపులు, కిటికీలు మూసుకుని ఇళ్లలోనే ఉండమని ఫోన్లకు సందేశాలు వెళ్లాయి. ఈ విస్ఫోటనం వాయువులకు ఒక్కరు కూడా బలి కాలేదు.

లాకీ అంతటిది ఇప్పుడు వస్తే అంత తేలిగ్గా పోదు. 2011లో అన్యా ష్మిట్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం, లాకీ తరహా విస్ఫోటనం నేడు జరిగితే యూరప్‌లో మొదటి ఏడాదే గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో సుమారు 1 లక్షా 42 వేల మంది అదనంగా చనిపోవచ్చని అంచనా వేసింది. ఆ తర్వాత బ్రిటన్ ప్రభుత్వం తన జాతీయ విపత్తుల జాబితాలో ఈ రకం విస్ఫోటనాన్ని చేర్చింది. ఐస్‌లాండ్‌లో బూడిద పడితే పశువులను వెంటనే కొట్టాల్లోకి తోలాలనీ, బయటి గడ్డి, నీళ్లు పెట్టకూడదనీ రైతులకు సూచనలు సిద్ధంగా ఉంటాయి. 1783లో యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ తన కళ్ల ముందు చూసి రాసిన చావుల నుంచి నేర్చుకున్న జాగ్రత్తలే అవి.

వచ్చే భాగంలో: లావా ఊసే లేని చోట, నిప్పు కనపడని రాత్రి ఏం జరిగింది? 1986 ఆగస్టు 21న కామెరూన్‌లోని న్యోస్ సరస్సు అడుగు నుంచి పొంగిన కార్బన్ డయాక్సైడ్ 1,700 మందికి పైగా ప్రాణాలు తీసిన ఉదంతం, ఆ సరస్సులోంచి వాయువును తోడేయడానికి ఇంజినీర్లు వేసిన గొట్టాల కథ.